మోత వేరు, వ్యాయామం వేరు



పాడేరు కొండల్లో పుట్టి పెరిగిన పిల్లలకు వ్యాయామం నేర్పాలని ఎవరైనా అంటే పెద్దలు నవ్వుతారు. "నడవడం, కొండ ఎక్కడం, బరువు మోయడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్యలు. చేపపిల్లకు ఈత నేర్పాలా?" అంటారు. ఈ మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఇది పొరపాటు మాట అని నా అభిప్రాయం. ఎందుకు పొరపాటో శాస్త్రం సాయంతో పరిశీలిద్దాం.

మన్యంలో మోత అంటే ఏమిటో మీకు తెలుసు. ఊటనీళ్ళు బిందెలతో తలమీద వస్తాయి. కట్టెలు మోపులుగా వస్తాయి. పసుపు, మిరియాలు, కాఫీ గింజలు కావిడిలోనో, భుజం మీదనో సంతకు దిగుతాయి. దారిలేని ఊళ్ళో ఒకరికి జబ్బు చేస్తే డోలీ కట్టి మోసుకురావలసిందే. ఈ పని చేసే మనుషుల ఓర్పుకు మనం నమస్కరించాలి. అయితే నమస్కరించడం వేరు, దాన్ని వ్యాయామం అని సరిపెట్టుకోవడం వేరు.

తేడా ఎక్కడుంది? మోతలో బరువును నిర్ణయించేది అవసరం. ఇంట్లో ఎన్ని నీళ్ళు కావాలో అన్ని బిందెలు మోయాలి. మోసేవారి వయస్సు, బలం ఎవరూ లెక్క చూడరు. వ్యాయామంలో బరువును నిర్ణయించేది మన శరీరం. మోతలో రోజూ అవే కండరాలు, ఒకే వైపు, ఒకే విధంగా అలసిపోతాయి. వ్యాయామంలో అన్ని కండరాలకూ వంతు వస్తుంది. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. కండరం పెరిగేది పని చేస్తున్నప్పుడు కాదు, పని తర్వాత తిండి తిని విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు. తిండీ విశ్రాంతీ చాలకుండా మోసిన బరువు మనిషిని అరగదీస్తుందే గాని పెంచదు.

మరొక మార్పు కూడా గమనించండి. ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో చదివే పిల్లలు పగలంతా బల్లల మీద కూర్చుంటారు. సాయంత్రం మళ్ళీ చదువు. ఇది పాడేరు సంగతే కాదు. 2019లో వెలువడిన ఒక ప్రపంచవ్యాప్త పరిశీలన ప్రకారం 11 నుంచి 17 ఏళ్ళ వయస్సు వారిలో నూటికి 81 మందికి చాలినంత శరీర శ్రమ లేదు. అంటే కొండమీది పిల్లలకు ఒక పక్క సెలవుల్లో మితిమీరిన మోత, మరొక పక్క బడి రోజుల్లో కదలకుండా కూర్చోవడం. ఈ రెంటి మధ్య ఉండవలసినదే వ్యాయామం.

సంత గుండు కసరత్తు సాధనమైంది

ఇటీవల పట్టణాల్లో కెటిల్‌బెల్ అనే సాధనం బాగా వ్యాపించింది. ఇది పిడి ఉన్న ఇనుప గుండు. రష్యా దేశంలో దీన్ని 'గిర్యా' అంటారు. ఒకప్పుడు అది అక్కడి సంతల్లో ధాన్యం తూచే గుండు! మన పూర్వులు వీశెలు, మణుగులతో తూచినట్లు వారు 'పూడు'లతో తూచేవారు. మన మణుగు సుమారు 11.2 కిలోలు, వారి పూడు 16.38 కిలోలు. బేరాలు లేనప్పుడు బలం చూపించుకోవడానికి ఆ గుండ్లనే ఎత్తేవారు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో క్రయెవ్‌స్కీ అనే వైద్యుడు వ్యాయామ ప్రియుల సంఘం పెట్టి, ఇలాంటి బరువులతో సాధనను ఒక పద్ధతిలోకి తెచ్చాడు.

మనకు ఇది పూర్తిగా కొత్త ఏమీ కాదు. ఉత్తరాంధ్ర మైదాన గ్రామాల్లో తీర్థాలకు, జాతరలకు సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు జరుగుతాయి. వీరఘట్టంలో పుట్టి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారు ఈ ప్రాంతం వారే.

కెటిల్‌బెల్‌ను రెండు కాళ్ళ మధ్య నుంచి రొమ్ము ఎత్తు వరకు ఊపుతారు. తొడలు, పిరుదులు, నడుము, పొట్ట, భుజాలు, పిడికిలి అన్నీ ఒకేసారి పని చేస్తాయి. అందువల్ల గుండె, ఊపిరితిత్తులు కూడా వేగం అందుకోక తప్పదు. కొద్ది నిమిషాల్లో ఒళ్ళంతా కసరత్తు కావడంలోని రహస్యం ఇదే.

ఇనుము లేకపోతేనేం?

ఇప్పుడొక లెక్క వేద్దాం. 8 కిలోల గుండును ఒక మీటరు ఎత్తుకు 15 సార్లు లేపితే చేసిన పని 8 × 9.8 × 1 × 15 = 1176 జౌళ్ళు. 40 కిలోల బరువున్న విద్యార్థి 3 మీటర్ల ఎత్తు మెట్లు ఎక్కితే చేసిన పని 40 × 9.8 × 3, అదీ 1176 జౌళ్ళే! అంటే మన శరీరమే మనకొక గుండు.

ఇక్కడ కాలం సంగతి చూడాలి. అవే మెట్లు నిమిషంలో ఎక్కితే సామర్థ్యం సుమారు 20 వాట్లు. 10 సెకన్లలో ఎక్కితే సుమారు 118 వాట్లు. పని మారలేదు, సామర్థ్యం దాదాపు ఆరు రెట్లయింది. మన కండరాల్లో నిదానంగా చాలాసేపు పని చేసే తంతువులు కొన్ని, చురుకుగా పని చేసి త్వరగా అలసిపోయే తంతువులు కొన్ని ఉంటాయి. నింపాదిగా నడిచేటప్పుడు ముఖ్యంగా మొదటి రకం పనిచేస్తాయి. రెండవ రకాన్ని నిద్ర లేపాలంటే కొద్దిసేపైనా గట్టి ప్రయత్నం కావాలి. రోజూ మైళ్ళకొద్దీ నడిచేవారికి కూడా వ్యాయామం అవసరమని నేను అనడానికి ఇదొక కారణం.

జపాన్ శాస్త్రజ్ఞుడు ఇజుమి టబాటా బృందం 1996లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. 20 సెకన్లు తీవ్రంగా సైకిలు తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. ఆరు వారాల తర్వాత ఆ యువకుల శరీరాలు ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి, గంటసేపు మధ్యరకంగా తొక్కిన వారికి దీటుగా పెరిగింది. దీన్ని చూపి "రోజుకు నాలుగు నిమిషాలు చాలు" అని ప్రచారం చేసేవారున్నారు. నమ్మకండి. వారు అలవాటుపడిన యువ క్రీడాకారులు, ఒంట్లో సత్తువ అయిపోయేదాకా తొక్కినవారు. 5 నుంచి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల శరీర శ్రమ ఉండాలనీ, వారంలో కనీసం మూడు రోజులు తీవ్రమైన శ్రమ, కండరాలకు, ఎముకలకు బలమిచ్చే కసరత్తు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. చిన్న కసరత్తు ఆటకు తోడు కావాలి గాని, ఆటను మింగకూడదు.

పదిహేను నిమిషాల పద్ధతి

మొదటి మూడు నిమిషాలు ఒళ్ళు వెచ్చబడేలా నెమ్మదిగా పరుగెత్తండి. తర్వాత బస్కీలు, దండాలు, మెట్లు ఎక్కి దిగడం, బరువు ఎత్తి దించడం వరుసగా చేయండి. ఒక్కొక్కటి 20 సెకన్లు, మధ్యలో 40 సెకన్ల విశ్రాంతి. ఇలా రెండు మూడు చుట్లు చాలు. బరువుకు పిడి గట్టిగా ఉన్న నీళ్ళ డబ్బా తీసుకోండి. లీటరు నీరు ఒక కిలో కాబట్టి ఎంత ఎత్తుతున్నారో మీకే తెలుస్తుంది. మూడు లీటర్లతో మొదలుపెట్టి, తేలికయ్యాక అర లీటరు చొప్పున పెంచండి. డబ్బాను ఊపకండి, పిడి ఊడిపోవచ్చు. నిదానంగా ఎత్తి దించండి.

ఎత్తేటప్పుడు మోకాళ్ళు, తుంటి వంచండి, వీపు నిటారుగా ఉంచండి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. 5 కిలోల బరువు వెన్నుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 15 సెంటీమీటర్ల దూరంలోని 20 కిలోలతో సమానమైన భారం వేస్తుంది. తులాదండ సూత్రం మీ పాఠంలో ఉన్నదే. ఈ సూత్రం తెలిసినవారు ఇంట్లో బిందె ఎత్తేటప్పుడు కూడా నడుము కాపాడుకుంటారు.

ఆడపిల్లలకు బరువులెందుకని ఎవరైనా అంటే, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి పేరు చెప్పండి. 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె.

ముందు రక్త పరీక్ష

మన్యానికి సంబంధించిన అతి ముఖ్యమైన విషయం ఇప్పుడు చెబుతాను. గిరిజన ప్రాంతాల్లో కొందరికి సికిల్ సెల్ అనే వ్యాధి వంశపారంపర్యంగా వస్తుంది. ఈ వ్యాధిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో చిక్కుకుంటాయి. భరించలేని నొప్పి వస్తుంది. ఒంట్లో నీరు తగ్గడం, చలి, మితిమీరిన శ్రమ ఈ నొప్పిని రేపుతాయి. పాడేరు చలికాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు! ఈ వ్యాధి ఉన్నవారు డాక్టరు చెప్పిన మేరకే, వెచ్చని బట్టలతో, తరచు నీళ్ళు తాగుతూ తేలికపాటి కసరత్తు చేయాలి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ లక్షణం వచ్చినవారు మామూలుగా జీవించవచ్చు, ఆడవచ్చు. కాని వారు కూడా నీళ్ళు తాగకుండా, ఎండలో, పోటీపడి ఒక్కసారిగా ఒంటిని హింసించకూడదు. క్రీడాకారుల్లో, సైనిక శిక్షణలో దీనివల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

దేశంలో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జులై 1న ప్రారంభమైంది. 40 ఏళ్ళ లోపు వారు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. పరీక్ష చేయించుకోండి. ఫలితం దాచవలసిన సిగ్గు విషయం కాదు. మీ కళ్ళ రంగులాగే అదీ మీకు సంక్రమించింది. మీ వ్యాయామ ఉపాధ్యాయునికి మాత్రం తప్పక చెప్పండి. కసరత్తు మధ్యలో కళ్ళు తిరిగినా, ఒళ్ళు నొప్పులు పుట్టినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆగిపోవాలి. ఆగిన పిల్లవాణ్ణి పిరికివాడని వెక్కిరించేవారికి శాస్త్రం తెలియదన్నమాట.

పాడేరు 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. అక్కడి బడులకు కావలసినది ఖరీదైన ఇనుప సామాను కాదని నా నమ్మకం. రోజూ పదిహేను నిమిషాల సమయం, చూసుకునే ఉపాధ్యాయుడు, తాగేందుకు మంచి నీళ్ళు, కసరత్తు తర్వాత కడుపునిండా చోడి అంబలో, గుడ్డో, పప్పన్నమో కావాలి. పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చే అలవాటు పోవాలి.

అమ్మానాన్నలు మోసిన బరువు బతుకు కోసం. మీరు ఎత్తే బరువు మీ ఒంటి కోసం. అది మీరే కొలిచి, మీరే పెంచుకుంటూ ఎత్తండి.