వానాకాలంలోనూ ఫ్లూ ఎందుకొస్తుంది?

చలికాలం వెళ్లిపోతే ఫ్లూ బెడద తీరినట్టేనా? కాదు. మన దేశంలో ఏటా రెండుసార్లు కేసులు పెరుగుతాయి. జనవరి-మార్చి మధ్య ఒకసారి, వానాకాలం, ఆ తర్వాతి వారాల్లో మరోసారి.

పొడిగాలిలో దగ్గు తుంపర్లు త్వరగా ఆరి, చిన్నవై, ఎక్కువసేపు తేలుతుంటాయి. ముక్కు లోపలి పొర ఎండిపోయి వైరస్‌ను అడ్డుకోలేదు. 2007లో న్యూయార్క్‌ పరిశోధకులు గినీ పందులపై ప్రయోగం చేశారు. 20 డిగ్రీల వద్ద, తేమ 20-35 శాతం ఉంటే ఫ్లూ సులువుగా సోకింది. 80 శాతం ఉంటే అసలు సోకలేదు.

మరి తేమ నిండిన వానల్లో ఎందుకు? తేమ ఒక్కటే అన్నీ నిర్ణయించదు. వానకు కిటికీలు మూసేస్తాం, బస్సుల్లో కిక్కిరిసి వెళ్తాం. చాలా ఏసీలు గదిలోని గాలినే తిప్పుతుంటాయి.

కాబట్టి రోజూ కాసేపైనా కిటికీలు తెరవండి. జ్వరం, దగ్గు ఉంటే ఆఫీసుకు వెళ్లకండి, పిల్లల్ని బడికి పంపకండి. ఫ్లూ టీకా జాతీయ ఉచిత టీకాల కార్యక్రమంలో లేదు. ఇంట్లో వృద్ధులు, గర్భిణులు, షుగర్‌, ఆస్తమా ఉన్నవారు ఉంటే మీరే డాక్టర్‌ను అడగాలి. టీకా పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అందుకే వానలు మొదలవకముందే అడగండి.