ఊపిరి మార్పిడి

ఇంగ్లీషు నుంచి తెలుగులోనికి వైద్యవ్యాసాలు అనువదించేవారికి కొన్ని మాటల దగ్గర కలం ఆగిపోవటం మామూలే. ‘సిస్టిక్ ఫైబ్రోసిస్’ అనే వ్యాధిని గురించిన వ్యాసం చేతికి వచ్చినప్పుడు నాకూ ఆ అనుభవమే కలిగింది. సిస్టు అంటే తిత్తి. మన ఊపిరితిత్తిలోనూ తిత్తి ఉన్నది. కొలిమి దగ్గర కమ్మరి ఊదే తోలుతిత్తి వంటిదే అది. ఈ వ్యాధిగ్రస్తులలో ఎక్కువమంది ప్రాణాలు తీసేది ఊపిరితిత్తుల బాధే కనుక రెండు తిత్తులూ ఒకటేనని తొందరపడి వ్రాశాను. ఆ వాక్యాన్ని తరువాత కొట్టివేయవలసి వచ్చింది. 1938లో న్యూయార్కులో డరోతీ ఆండర్సన్ అనే వైద్యురాలు, మరణించిన పసివారి శరీరాలను పరీక్షించి ఈ వ్యాధిని ప్రత్యేకంగా గుర్తించింది. అప్పుడు ఆమె దృష్టిని ఆకర్షించినవి క్లోమగ్రంథిలో కనిపించిన తిత్తులు. వ్యాధికి పేరు క్లోమం వలన వచ్చింది. మృత్యువు మాత్రం ఊపిరితిత్తుల దారిన వస్తుంది.

ఇది పుట్టుకతో వచ్చే వ్యాధి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపం గల జన్యువులు రెండూ సంక్రమించిన బిడ్డకే ఇది కలుగుతుంది. ఆ తల్లిదండ్రులు మాత్రం ఆరోగ్యంగానే ఉంటారు. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. 1989లో టొరంటో, మిషిగన్ శాస్త్రజ్ఞులు ఆ జన్యువును ఏడవ క్రోమోజోము మీద కనుగొన్నారు. కణాల గోడలలో ఉప్పు రాకపోకలకు ద్వారం వంటి పదార్థాన్ని తయారుచేయటం దాని పని. ఆ ద్వారం సరిగా తెరుచుకోకపోతే శ్వాసనాళాలలోని శ్లేష్మం జిగురుగా గట్టిపడుతుంది. అందులో సూక్ష్మజీవులు కాపురం పెట్టి, ఏళ్ళ తరబడి నాళాలను తొలిచివేస్తాయి. చెమట మితిమీరి ఉప్పగా ఉంటుంది. నుదుట ముద్దు పెట్టుకున్నప్పుడు ఉప్పగా తగిలే బిడ్డ దక్కదని ఐరోపాలో పూర్వం ఒక నమ్మకం ఉండేది. ఆ ఉప్పునే కొలిచి వ్యాధిని నిర్ధారించే పరీక్ష 1950లలో వచ్చింది. ఇది తెల్లజాతులవారి వ్యాధి అని మన దేశంలో చాలాకాలం అనుకున్నారు. అందువలన ఇక్కడి పిల్లలు ఎందరో క్షయ అనీ, ఉబ్బసం అనీ మందులు మింగుతూ గడిపారు.

మందులతోనూ, వీపు తట్టి కఫం తీయటంతోనూ నెట్టుకువచ్చిన ఊపిరితిత్తులు ఒకనాటికి పూర్తిగా చెడిపోతాయి. అప్పుడు మిగిలే ఉపాయం ఊపిరితిత్తుల మార్పిడి.

మార్పిడి అనే మాట సంతలోనిది. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవటం దాని అర్థం. ఈ శస్త్రచికిత్సలో పుచ్చుకునేది ఏదో తెలుస్తూనే ఉన్నది. ఇచ్చేది ఏమిటి?

మనిషికి మొదటిసారి ఊపిరితిత్తిని మార్చినది 1963 జూన్ 11న, అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరంలో. శస్త్రవైద్యుడు జేమ్స్ హార్డీ. రోగి యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఖైదీ, పైగా కాన్సరు పీడితుడు. అతడు 18 రోజులు జీవించాడు. తరువాతి ఇరవై ఏళ్ళలో వివిధ దేశాలలో సుమారు 40 ప్రయత్నాలు జరిగాయి. వారిలో అందరికన్న ఎక్కువకాలం బ్రతికినవాడు, 1968లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో చికిత్స పొందిన రోగి. అతని ఆయువు కూడా పది నెలలే.

మూత్రపిండం, గుండె అతుక్కున్న చోట ఊపిరితిత్తి ఎందుకు అతుక్కోలేదు? తక్కిన అవయవాలు శరీరంలో భద్రంగా దాగి ఉంటాయి. ఊపిరితిత్తికి వీధి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ప్రతి శ్వాసతోనూ బయటి సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. అంతకంటె పెద్ద చిక్కు కుట్టు దగ్గర ఉన్నది. శ్వాసనాళాన్ని కోసి తిరిగి కుట్టిన చోటికి రక్తం చాలినంత అందదు. పరాయి అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే స్టెరాయిడ్ మందులు ఆ గాయాన్ని మాననివ్వవు. రెండు మూడు వారాలలో కుట్టు విడిపోయేది, రోగి మరణించేవాడు.

టొరంటోలో జోయెల్ కూపర్ అనే వైద్యుడు కుక్కల మీద పరిశోధనలు చేసి ఈ చిక్కును విడదీశాడు. నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి తీసిన సైక్లోస్పోరిన్ అనే కొత్త మందు గాయాన్ని మాననిస్తుందని ఆయన గ్రహించాడు. అంతేకాక, పొట్టలో పేగులను కప్పి ఉండే కొవ్వు పొరను కొంత పైకి లాగి కుట్టు చుట్టూ చుట్టాడు. ఆ పొర రక్తాన్ని అందించింది. 1983 నవంబరు 7న 58 ఏళ్ళ వ్యక్తికి ఒక ఊపిరితిత్తిని మార్చాడు. అంతకు ముందు నలభైకి పైగా జరిగిన ప్రయత్నాలలో ఒక్కటీ నిలవలేదని ఆ వ్యక్తికి తెలుసు. తెలిసే ఒప్పుకున్నాడు. ఆయన ఆరేళ్ళకు పైగా జీవించాడు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకు ఒక ఊపిరితిత్తిని మార్చితే చాలదు. మిగిలిన పాతదానిలోని సూక్ష్మజీవులు కొత్తదానికి పాకుతాయి. అందుచేత రెండూ మార్చాలి. ఆ నేర్పు కుదిరేవరకు గుండె, ఊపిరితిత్తులు కలిపి ఒక్కటిగా మార్చేవారు. 1980ల రెండవ భాగంలో ఇంగ్లండులోని హేర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో మాగ్డీ యాకూబ్ అనుసరించిన పద్ధతిలో ఒక విశేషం ఉన్నది. ఈ రోగుల గుండె తరచు చక్కగానే ఉంటుంది. దాతనుంచి వచ్చిన గుండె, ఊపిరితిత్తులు రోగికి అమర్చి, ఆ రోగి సొంత గుండెను పక్క గదిలో గుండె చెడిపోయి ఉన్న వేరొకరికి పెట్టేవారు. పుచ్చుకునే మనిషే ఆ పూటకు దాత అయ్యేవాడు. మార్పిడి అనే మాటకు ఇంతకన్న నిండైన అర్థం నాకు తోచదు.

అయితే ఇది వ్యాధి నుంచి పూర్తి విముక్తి కాదు. కొత్త ఊపిరితిత్తులలో ఉన్నది దాత జన్యువు కనుక వాటికి ఈ వ్యాధి రాదు. కాని క్లోమం పాతదే, చెమట అదే ఉప్పు. తిరస్కారాన్ని అణచే మందులు జీవితాంతం వాడాలి. అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, అంటురోగాలకు దారి ఇస్తాయి. కాలక్రమాన సన్నని శ్వాసనాళాలు మచ్చకట్టి మూసుకుపోవటం కూడా ఉన్నది. పెద్దవారిలో సగం మంది శస్త్రచికిత్స తరువాత ఆరేళ్ళకు పైగా జీవిస్తున్నారని అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకు ఆ గడువు ఇంకా ఎక్కువ. అంటే, రోగి ఇచ్చేది ఖాయమైన మరణాన్ని, పుచ్చుకునేది ఖాయం కాని కాలాన్ని.

ఆ కాలం విలువ 2019లో తెలిసివచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరులో అమెరికాలో మూడు మందులు కలిసిన ఒక మాత్రకు అనుమతి లభించింది. కణం గోడలోని ఆ ద్వారాన్నే అది చాలవరకు సరిచేస్తుంది. మార్పిడి కోసం ఎదురుచూస్తున్న రోగులు కొందరు జాబితా నుంచి పేరు తీయించుకోగలిగారు. రెండేళ్ళలోనే ఆ దేశంలో ఈ వ్యాధికి జరిగే మార్పిడులు సగానికన్న తక్కువకు తగ్గాయి. అంతకు పూర్వం కొన్ని ఏళ్ళు అరువు దొరికినవారికి ఆ రోజు చూసే భాగ్యం కలిగింది. కాని అక్కడ ఆ మందు ఖరీదు మొదట ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైబడి ఉన్నది. పైగా అది ప్రధానంగా ఏ జన్యులోపానికి పనిచేస్తుందో, ఆ లోపం మన దేశపు రోగులలో తక్కువ. కనుక శస్త్రచికిత్స అవసరం ఇంకా తీరలేదు. ఇతర కారణాలవల్ల ఊపిరితిత్తులు రాయివలె బిగుసుకుపోయినవారికి నేటికీ అదే దిక్కు.

ఆ దిక్కు మరొక ఇంటి విషాదం మీద ఆధారపడి ఉన్నది. మన దేశంలో 1994 నాటి చట్టం మెదడు మరణాన్ని మరణంగా అంగీకరించింది. నలుగురు వైద్యులు, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. తెలుగునాట జీవన్‌దాన్ పథకం 2013లో ఆచరణకు వచ్చింది. ఊపిరితిత్తులు సున్నితమైనవి, అవయవాలిచ్చే దాతలలో సుమారు అయిదుగురిలో ఒకరివే పనికివస్తాయి. మామూలుగా చల్లబరచి ఉంచితే ఆరు గంటలు, మహా అయితే ఎనిమిది.

నా అనువాదంలో ‘దాత’ అని వ్రాసిన ప్రతిచోటా సందేహం కలిగింది. దాత ఎవరు? యంత్రం సాయంతో ఛాతీ కదులుతున్న ఆ మనిషా, లేక ఆ ఛాతీ కదలటం కళ్ళారా చూస్తూ కాగితం మీద సంతకం పెట్టే తల్లా? ఆ మనిషి ఏనాడైనా తన అభిప్రాయం చెప్పి ఉంటే ఆ తల్లికి భారం కొంత తగ్గుతుంది.

మొన్న రాత్రి భోజనాల దగ్గర మా ఇంట్లో ఈ మాట ఎత్తాను. “శుభమా అని అన్నం తింటూ ఆ మాటలేమిటే?” అని మా అమ్మ కసిరింది. నేను ఊరుకున్నాను. తెల్లవారి కాఫీ గ్లాసు నా చేతికిస్తూ తానే అడిగింది:

“నా విషయంలో ఆ కాగితం మీద నువ్వు సంతకం పెడితే చాలునా, మీ అన్నయ్య కూడా పెట్టాలా?”