నడిసముద్రానికున్న నియమం పాల్వంచకు లేదా?

మనిషన్నవాడు కాపురముండని నడిసముద్రంలో పోయే ఓడ పొగకు ప్రపంచ దేశాలు కలిసి హద్దు పెట్టాయి. ఓడలు మండించే చిక్కటి నూనెలో నూటికి 3.5 పాళ్ల దాకా గంధకం ఉండవచ్చునన్న పాత నిబంధనను మార్చి, 2020 జనవరి 1 నుంచి 0.5 పాళ్లు మించరాదని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ శాసించింది. అటువంటి నూనె వాడనివారు పొగను కడిగే యంత్రం పెట్టుకోవాలి. విశాఖ రేవుకు వచ్చే విదేశీ ఓడకైనా ఇదే లెక్క.

ఇక మన సంగతి. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం పాత యూనిట్లు 2020 నాటికి మూతబడ్డాయి. అయినా 250 మెగావాట్లవి రెండు, 500ది ఒకటి, 800ది ఒకటి మిగిలే ఉన్నాయి. మణుగూరు దగ్గర గోదావరి ఒడ్డున 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం ఉంది. చుట్టూ అడవి, అడవిలో కోయగూడేలు. బూడిద పడితే ఆరేసిన బట్టల మీద కనిపిస్తుంది, జనం అడుగుతారు. గంధక వాయువు కంటికి కనిపించదు. గాలిలో సన్నని రేణువులుగా మారి ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. ఉబ్బసం ఉన్నవారిని మరీ బాధిస్తుంది.

ఈ వాయువుకు పరిమితులు విధిస్తూ కేంద్రం 2015 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. రెండేళ్లలో అమలు కావాలన్నది. గడువు మీద గడువు పెంచుతూ వచ్చి, చివరకు 2025 జూలైలో దేశంలోని అత్యధిక కేంద్రాలకు మినహాయింపే ఇచ్చేసింది. పది లక్షల జనాభా గల నగరానికి 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం తప్పదట. మన చుట్టుపక్కల అంత నగరం ఎక్కడుంది? మిగతావాటిలో చాలావాటికి పొగగొట్టం తగినంత ఎత్తుంటే చాలునట! ఎత్తు పెరిగితే పొగ దూరం పోతుందే గాని మాయమైపోదు గదా.

మన బొగ్గులో గంధకం తక్కువనీ, సున్నపురాయితో పొగను కడిగే యంత్రాలకు కోట్లు కావాలనీ, ఆ భారం కరెంటు బిల్లు మీద పడుతుందనీ ప్రభుత్వ పక్షం వాదన. కొట్టిపారేయదగినది కాదు. కాని నూటికి అరపాలు గంధకమున్నా, వెయ్యి టన్నుల బొగ్గు కాలిస్తే పది టన్నుల గంధక వాయువు పుడుతుంది. ఈ కేంద్రాలు రోజుకు కాల్చేది వేల టన్నులు.

కేంద్రం నిర్ణయించిన దానికన్నా గట్టి పరిమితి విధించే అధికారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఉన్నది. అది వినియోగించడానికి సమయం పట్టవచ్చు. కొలతలు చెప్పడానికి అభ్యంతరమేమిటి? ఊరి గాలిలో గంధక వాయువు రోజు సగటున ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు మించరాదని 2009 నుంచీ ప్రమాణం ఉంది. పాల్వంచ, మణుగూరు చుట్టుపక్కల ప్రతి పంచాయతీ కార్యాలయం గోడ మీద ఆ అంకె, దాని పక్కన నిన్నటి అంకె తెలుగులో రాయించాలి. ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క చాలు.