పిల్లా? బొమ్మా?

"భాషకు ఆడా మగా ఏమిటండీ? మీకు అన్నిట్లోనూ పితృస్వామ్యమే కనిపిస్తుంది!" సాహిత్య సభల్లో ఈ మాట నేను విన్నన్నిసార్లు మీరూ వినే ఉంటారు. జవాబుగా ఒక్క కుక్కపిల్ల చాలు.

ఇంగ్లీషులో కుక్కపిల్లకి పాత మాట 'వెల్ప్'. 'పప్పీ' 15వ శతాబ్దం చివర్లో వచ్చింది. అప్పట్లో దాని అర్థం, గొప్పింటి స్త్రీలు ఒళ్ళో పెట్టుకుని ఆడించే చిన్న కుక్క. దాని వయసుతో పని లేదు. కుక్కపిల్ల అనే అర్థం 16వ శతాబ్దం చివరికి స్థిరపడింది. ఫ్రెంచిలో బొమ్మ అనే అర్థమున్న 'పూపే' నుంచి ఇది పుట్టి ఉంటుందని నిఘంటుకారులు అంటారు. దాని వెనక లాటిన్ 'పూపా' ఉంది. పూపా అంటే ఆడపిల్ల, బొమ్మ కూడా. ఎవరు ఆడిస్తే అలా ఆడే 'పపెట్' కూడా ఈ ఇంటిదే. లాటిన్‌లో మగపిల్లవాడికి 'పూపుస్' అనే మాట ఉంది. బొమ్మకి పేరైంది మాత్రం ఆడపిల్ల మాటే.

"ముద్దుగా అన్నదే కదా" అంటారు. నిజమే. కంటి నల్లగుడ్డులో కనిపించే చిన్న ప్రతిబింబాన్ని చూసి లాటిన్ వాళ్ళు 'పుపిల్లా', చిట్టిపాప, అన్నారు. మనమూ కంటిపాప అన్నాం. ముద్దు చేసినవాళ్ళంతా ఆ పాప మాట విన్నారా?

మాది నల్లమల అంచున ఉన్న అర్ధవీడు. మేకల మందలో పుట్టిందేదైనా ముందు పిల్లే. పోతుపిల్ల, పెంటిపిల్ల అనేది ఆ తర్వాత. పెంటిపిల్ల పుడితే మంద పెరుగుతుందని సంతోషం. అదే చేతులు ఇంట్లో ఆడపిల్ల పుడితే నెత్తిన పెట్టుకుంటాయి. తమిళంలో 'పిళ్ళై' మగవాళ్ళ పేరు చివర గౌరవంగా నిలబడింది. మన దగ్గర ఒట్టి 'పిల్ల' అంటే ఆడదే. మగవాడైతే 'వాడు' చేర్చి పిల్లవాడంటాం. ఆ పిల్లని చూస్తారు, ఇస్తారు, తెచ్చుకుంటారు. పిల్లనిచ్చిన మామ ఉన్నాడు. పిల్లవాణ్ణిచ్చిన మామ ఎక్కడైనా ఉన్నాడా?

జంతువుల కూనకీ మనకీ ఒకే మాటేమిటని, 'పిల్ల' అనడమే అవమానమని మనలో కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. మేకపిల్ల పుట్టిన కాసేపటికే తన కాళ్ళ మీద తను లేస్తుంది. ఆకలైతే ఊరంతా వినపడేలా అరుస్తుంది. దానితో చుట్టరికం నాకు చిన్నతనం కాదు. బొమ్మకి ఆకలి లేదు, అరుపు లేదు, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. నా తగాదా ఆ పోలికతోనే.

కనుక పిల్లని ఉంచుకుందాం. దాని వెంట నడిచే 'ఇచ్చాం', 'తెచ్చుకున్నాం' అనే క్రియల్ని వదిలేద్దాం. ముందుగా మన కథల్లోంచి, మనం చెప్పే పాఠాల్లోంచి, మన ఇళ్ళలో అచ్చయ్యే శుభలేఖల్లోంచి.