రెడ్ నాట్: 15 వేల కిలోమీటర్లు ఎగిరే పక్షి.. దాని ప్రాణం పీత గుడ్లలో ఎందుకుంది?

చిన్నప్పుడు విన్న కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. రెడ్ నాట్ అనే పక్షి సంగతి కూడా ఇంచుమించు అలాంటిదే. దక్షిణ అమెరికా కొసన బయల్దేరి ఉత్తర ధ్రువ ప్రాంతం దాకా ఎగిరే ఈ పక్షి ప్రాణం.. దారి మధ్యలో అమెరికాలోని డెలావేర్ బే తీరంలో దొరికే పీత గుడ్లలో ఉంది. ఆ గుడ్లు తగ్గాయి.. పక్షులూ తగ్గాయి. 1980ల్లో ఈ తీరంలో 90 వేలకు పైగా లెక్క తేలిన రెడ్ నాట్‌లు, 2021లో 7 వేల లోపే కనిపించాయి. పీతల వేటపై ఆంక్షలు మొదలై పాతికేళ్లు దాటింది. మరి పక్షి ఎందుకు కోలుకోవడం లేదు?

చంద్రుడి దాకా వెళ్లిన పక్షి!

రెడ్ నాట్ బరువు 130 గ్రాములకు అటూ ఇటూ. అర్జెంటీనా, చిలీ దేశాల చివర ఉన్న టియెర్రా డెల్ ఫ్యూగోలో చలికాలం గడిపి, మే నెలలో డెలావేర్ బే చేరుతుంది. అక్కడి నుంచి కెనడా ఆర్కిటిక్‌కు వెళ్లి గుడ్లు పెడుతుంది. ఒకవైపు ప్రయాణమే దాదాపు 15 వేల కిలోమీటర్లు. ఆరు రోజులు ఆగకుండా 8 వేల కిలోమీటర్లు ఎగిరిన రెడ్ నాట్ కూడా రికార్డుల్లో ఉంది.

1995లో అర్జెంటీనాలో శాస్త్రవేత్తలు కాలికి రింగ్ వేసిన ఒక పక్షి బీ95 పేరుతో ఫేమస్ అయింది. 2014లోనూ అది కనిపించింది. జీవితకాలంలో ఎగిరిన దూరం లెక్కేస్తే చంద్రుడి దాకా వెళ్లి, సగం దారి వెనక్కి వచ్చినట్టే. అందుకే దానికి 'మూన్‌బర్డ్' అని పేరు పెట్టారు.

రెండు వారాల విందే ఆధారం

అంత దూరం ఎగరడానికి ఈ పక్షి తన జీర్ణాశయాన్ని కూడా కుదించుకుంటుంది. కాబట్టి తీరంలో దిగగానే గట్టి గుల్లలు అరిగించుకోలేదు. మెత్తటి తిండి కావాలి. సరిగ్గా అప్పుడే పౌర్ణమి, అమావాస్య పోటు రాత్రుల్లో హార్స్‌షూ పీతలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. పైడొప్ప గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది కాబట్టి వీటికి ఆ పేరు. పేరుకే పీత గానీ, సాలీళ్లు, తేళ్లకు దగ్గరి చుట్టం. ఈ గుడ్లు తిని రెడ్ నాట్ రెండు వారాల్లో తన బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటుంది. ఆ బరువు పెరగకపోతే ఆర్కిటిక్ చేరడం, అక్కడ పిల్లల్ని పెంచడం కష్టమే.

1990ల్లో చేపల వ్యాపారం ఈ పీతల మీద పడింది. ఈల్ చేపలు, సముద్రపు నత్తలు పట్టడానికి లక్షల సంఖ్యలో పీతల్ని ఎరగా వాడేశారు. 1998లో అట్లాంటిక్ తీర రాష్ట్రాలు కలిసి నియంత్రణ ప్రణాళిక తెచ్చాయి. 2008లో న్యూజెర్సీ పీతల వేటను ఆపేసింది. 2014 చివర్లో అమెరికా ప్రభుత్వం రెడ్ నాట్‌ను ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది.

ఆంక్షలున్నా ఫలితం ఎందుకు లేదు?

అసలు విషయం ఇక్కడే ఉంది. మొదటిది.. హార్స్‌షూ పీత గుడ్లు పెట్టే వయసుకు రావడానికి తొమ్మిది, పదేళ్లు పడుతుంది. ఈరోజు వేట ఆపినా రేపే ఫలితం రాదు.

రెండోది ఇంకా ముఖ్యం. పీతలు గుడ్లను ఇసుక లోపల పాతిపెడతాయి. అంత లోతుకు పక్షి ముక్కు అందదు. ఒడ్డున పీతలు కిక్కిరిసి ఉంటేనే ఒకటి పెట్టిన గుడ్లను మరొకటి తవ్వేసి పైకి తెస్తుంది. అంటే పీతలు సగమైతే పక్షికి తిండి సగమే తగ్గదు.. ఇంకా ఎక్కువ తగ్గుతుంది. 'పీతల సంఖ్య నిలకడగా ఉంది' అన్నంత మాత్రాన పక్షికి కడుపు నిండినట్టు కాదు. వేట కోటాలు లెక్కేసేటప్పుడు ఈ తేడా మర్చిపోతే మొత్తం లెక్క తప్పుతుంది.

నీలి రక్తం.. మనకూ లింక్

ఈ పీత రక్తం నీలం రంగులో ఉంటుంది. ఇంజెక్షన్ మందుల్లో బ్యాక్టీరియా విషపదార్థాలు ఉన్నాయేమో చూసే పరీక్షకు 1970ల నుంచి దీన్నే వాడుతున్నారు. వ్యాక్సిన్లు, ఇంజెక్షన్లు భారీగా తయారయ్యే మన హైదరాబాద్‌కు ఈ పరీక్ష కొత్తేం కాదు. అమెరికా తూర్పు తీరంలో ఇటీవల ఏటా సుమారు 10 లక్షల పీతల్ని ఇందుకోసం పడుతున్నారు. రక్తం తీశాక వదిలేస్తున్నా, వాటిలో దాదాపు 15 శాతం చనిపోతాయని నియంత్రణ సంస్థల అంచనా. ఎర కోసం పట్టే పీతలకు కోటా ఉంది. రక్తం కోసం పట్టేవాటికి అలాంటి కోటా లేదు.

ప్రత్యామ్నాయం లేదా అంటే.. ఉంది. సింగపూర్ శాస్త్రవేత్తల పరిశోధనతో వచ్చిన కృత్రిమ పదార్థం ఇదే పరీక్ష చేస్తుంది. యూరప్ 2021లో దీన్ని తన ప్రమాణాల్లో చేర్చింది. అమెరికా ప్రమాణాల్లో ఇది 2025 మే నుంచి అమల్లోకి వచ్చింది. కానీ తప్పనిసరి కాదు, కంపెనీల ఇష్టం.

ఇకపై ఏం జరగాలి?

రెడ్ నాట్‌కు కష్టాలన్నీ పీతలతోనే రాలేదు. తీరాల కోత, వేడెక్కుతున్న ఆర్కిటిక్ కూడా ముప్పే. వాటిని ఆపడానికి తరాలు పడుతుంది. పీత రక్తం వాడకం తగ్గించడం మాత్రం ఇప్పుడే చేతిలో ఉన్న పని. మందుల భద్రతా, పక్షి ప్రాణమా అని తేల్చుకోవాల్సిన అవసరం కూడా ఇక లేదు.

మన దేశంలో ఒడిశా, బెంగాల్ తీరాల్లో రెండు రకాల హార్స్‌షూ పీతలున్నాయి. 2009లోనే వాటికి వన్యప్రాణి చట్టం కింద రక్షణ దక్కింది. పులికాట్, కోరంగికి ఏటా వచ్చే వలస పక్షుల విషయంలోనూ పాఠం ఒకటే.. పక్షిని కాపాడాలంటే ముందు అది దిగే చోట తిండి మిగల్చాలి.