పాట అక్కడే ఉంది, లెక్క మారింది

డిసెంబరు వస్తే మా ఆఫీసు కాల్స్‌లో లండన్ వాళ్ళ వెనకాల ఎప్పుడూ అవే పాత పాటలు. వాటిల్లో వామ్ బృందం 'లాస్ట్ క్రిస్మస్' నాకంటే పెద్దది, 1984లో వచ్చింది. ఆ ఏడు అక్కడి చార్టులో రెండో స్థానం దగ్గరే ఆగింది. ఇథియోపియా కరువు సాయానికి పాడిన పాట దాన్ని దాటనివ్వలేదు. తమాషా ఏమంటే ఆ పాటలోనూ జార్జ్ మైకేల్ గొంతు ఉంది. చివరికి 'లాస్ట్ క్రిస్మస్' మొదటి స్థానం ఎక్కింది 2021 జనవరి 1న. రాసి పాడిన ఆయన 2016 క్రిస్మస్ రోజునే పోయాడు.

ఇన్నేళ్ళకి జనానికి కొత్తగా ప్రేమ పుట్టిందా? లేదు. ముందంతా అంగడిలో అమ్మిన రికార్డే లెక్క. ఇంట్లో క్యాసెట్టు ఉన్నోళ్ళు మళ్ళీ ఎందుకు కొంటారు? 2007 జనవరి నుంచి బ్రిటన్‌లో అంగట్లో సీడీ లేకపోయినా డౌన్‌లోడ్ అయితే చాలు, లెక్కలోకి తీసుకున్నారు. ఆ డిసెంబరులోనే మరయా కేరీ 1994 పాట నాలుగో స్థానానికి తిరిగొచ్చింది. 2014లో స్ట్రీమింగ్ కూడా కలిపారు. అమెరికాలో బ్రెండా లీ పదమూడేళ్ళప్పుడు పాడిన 1958 నాటి పాట 2023 డిసెంబరులో మొదటి స్థానానికి వచ్చింది. అప్పటికి ఆమెకి 78 ఏళ్ళు.

పాతవి వచ్చి కొత్తవాళ్ళ చోటు తినేస్తున్నాయని కొందరి గొణుగుడు. నాకు ఒప్పలేదు. నేను టెస్టర్‌ని, రిపోర్టులో సున్నా వస్తే ముందు కొలిచే పద్ధతినే అనుమానిస్తా. అయితే ఒక మాట. డౌన్‌లోడ్ అంటే ఎవరో వెతికి, డబ్బు కట్టి తెచ్చుకున్నది. స్ట్రీమింగ్‌లో మనం దోసెలు పోసుకుంటూ ఉంటే లిస్టు దానంతటదే పోతా ఉంటుంది, ఆ లిస్టు ఎవరు కట్టారో తెలీదు. అందుకే నాకు 2007 నాలుగో స్థానం మీదే ఎక్కువ గౌరవం.

మా అవ్వ గొబ్బిపాట ఏ లెక్కలోనూ లేదు. నేను కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నా. ఇప్పటికీ తలకట్టు కన్నడం మాదిరి అడ్డగీతే పడిపోతుంది. ఆ పాటని చెవితోనే పట్టుకున్నా. ఏడాదంతా ఎవరూ అడగరు. జనవరి రాగానే ఫ్యామిలీ గ్రూపులో "అక్కా, అవ్వ పాట పంపు" అని మొదలు. పోయిన సంక్రాంతికి నలుగురు అడిగారు, ఒకడు కోలారు కూడా చూడని పిల్లాడు.

రికార్డింగు నా పాత ఫోన్లో ఉంది, బ్యాటరీ ఉబ్బింది. ఈ వారం ఆన్‌లైన్లో పెట్టి లింకు ఇస్తా, దించుకోండి. రెండో చరణం మధ్యలో కుక్కర్ కూసింది, అక్కడ మాట వినపడదు. చిన్నవ్వకి గుర్తుందేమో, దగ్గరున్న వాళ్ళు అడగండి.