కాలేయార్బుదం: శస్త్రచికిత్స తరువాతి అయిదేళ్ళు

కాలేయంలోని పైత్యరస నాళికలలో పుట్టిన కాన్సర్ గడ్డను శస్త్రచికిత్సతో తొలగించిన పిమ్మట, రోగి ఇంటివారికి రెండు విధాల మాటలు వినవస్తాయి. ‘గడ్డ తీసివేశారు, ఇక భయం లేదు’ అనేది మొదటిది. ‘కోతతో వేరు పోదు, మూలికలే దానిని పెకలించాలి’ అనేది రెండవది. రెండూ రోగికి కీడు చేసేవే. గురుకులంలో సంహితలు అభ్యసించినవాడిగా రెండవ మాటను ఖండించడం నా విధి.

అర్బుదాన్ని శేషం లేకుండా తొలగించాలనీ, ఏ కొంచెం మిగిలినా అది తిరిగి పెరిగి ప్రాణం తీస్తుందనీ సుశ్రుతాచార్యులు చికిత్సాస్థానం 18వ అధ్యాయంలో హెచ్చరించారు. నేటి శస్త్రవైద్యులు గడ్డ చుట్టూ ఉన్న మంచి భాగాన్ని కూడా కొంత కలిపి కోసి, దాని అంచులను సూక్ష్మదర్శిని కింద పరీక్షించడం ఇందుకే. కాబట్టి కోత ఆయుర్వేదానికి విరుద్ధమనడం శాస్త్రం చదవనివారి మాట.

అయితే మొదటి మాట కూడా నిజం కాదు. ఈ శస్త్రచికిత్స పొందినవారిలో అయిదేళ్ళు దాటి జీవించేవారు నూటికి సుమారు 25 నుండి 40 మంది. సగానికి పైగా రోగులలో వ్యాధి తిరిగి వస్తుంది. అది ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే, మిగిలిన కాలేయంలోనే తలెత్తుతుంది. లింఫు గ్రంథులకు వ్యాపించినా, గడ్డలు ఒకటికి మించి ఉన్నా, రక్తనాళాలలోకి చొచ్చుకుపోయినా ప్రమాదం హెచ్చు.

పైత్యరస మార్గపు కాన్సర్లకు శస్త్రచికిత్స పొందిన 447 మందిపై బ్రిటన్‌లో జరిగిన పరిశోధన 2019లో వెలువడింది. క్యాపెసిటబిన్ మాత్రలు ఆరు నెలలు ఇచ్చినవారి మధ్యస్థ ఆయుర్దాయం 51 నెలలు. ఇవ్వనివారిది 36 నెలలు. గణాంకరీత్యా కొంత సందేహానికి తావున్నా, ఈ మాత్రలు నేడు ప్రామాణిక చికిత్సగా వాడుకలో ఉన్నవి. వీటిని మాన్పించి కషాయం పట్టించే వైద్యుడు రోగి ఆయుష్షుతో జూదమాడుతున్నాడని నా అభిప్రాయం.

మూలికలన్నీ నిరపాయకరమనే భ్రమ కూడా వదలాలి. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. అది తిప్పతీగ దోషం కాదని ఆయుష్ మంత్రిత్వశాఖ వాదించినా, సగం కోసిన కాలేయంపై అటువంటి ప్రయోగం తగదు. పసుపు సారాన్ని మాత్రలుగా మింగినవారిలోనూ కాలేయవ్యాధి కనిపించింది. మిరియాలలోని పైపరిన్ ఆ సారాన్ని మరింతగా ఒంటబట్టిస్తుంది. కూరలో వేసే చిటికెడు పసుపుకు భయపడనక్కరలేదు. మాత్రల సంగతి వేరు.

శస్త్రచికిత్స జరిగిన కొన్ని నెలలకు కామెర్లు కనిపిస్తే పసరు మందుకు పరుగెత్తరాదు. నాళం ఇరుకు కావడంవల్లనో, వ్యాధి తిరగబెట్టడంవల్లనో అవి రావచ్చును. చలిజ్వరం కూడా తోడైతే ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

మరి మనం చేయగలిగినదేమిటి? ఆహారం. మిగిలిన కాలేయం తిరిగి పెరగడానికి మాంసకృత్తులు కావాలి. పథ్యం పేరిట పప్పు, పాలు, గుడ్డు మాన్పించి చారన్నంతో సరిపెట్టడం మన ఇళ్ళలో తరచు జరిగే అపచారం. ఆకలి మందగించినవారికి పెసరకట్టు, పలుచని జావ, మజ్జిగ కొద్దికొద్దిగా పలుమార్లు ఇవ్వాలి. మద్యం పూర్తిగా మానాలి. ఏ మూలిక వాడదలచినా శస్త్రవైద్యునికి ముందుగా తెలియజేయాలి.

మొదటి రెండేళ్ళు మూడు నుండి ఆరు నెలలకొకసారి, ఆపై అయిదేళ్ళవరకు ఆరు నెలలకో ఏడాదికో స్కానింగు, రక్తపరీక్షలు తప్పనిసరి. సాధ్యాసాధ్యాలను ముందుగా తెలుసుకొనే చికిత్సకు పూనుకోవాలని చరకాచార్యులు వైద్యునికి విధించారు. ఆ తెలిసినదానిని రోగి కుటుంబానికి మృదువుగా, దాచకుండా చెప్పడం కూడా చికిత్సలో భాగమేనని మా వైద్యులకు నా మనవి.